పాటిదిబ్బలను కాపాడుకోవాలి

ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాదు రోడ్డు వెంబడి జగ్గయ్యపేట వరకు, కృష్ణ దాటితే అమరావతి నుంచి భట్టిప్రోలు వరకు పాత ఊళ్ళ ఆనవాళ్ళు యెన్నో వున్నాయి. ఊరి వెలుపల మెరకగా కనిపించే పాటిదిబ్బలు అటువంటివే. పాటిమన్ను చేలకు సత్తువ యిస్తుందని రైతులు తరతరాలుగా తోలుకుంటున్నారు. వెనుక బండ్ల మీద పోయిన ఆ మన్ను యిప్పుడు ట్రాక్టర్ల మీద పోతున్నది. పొక్లెయిన్ దించితే చిన్న దిబ్బ కొద్ది రోజులలోనే నేలమట్టమవుతుంది.

దానితో పోయేదేమిటో తెలియాలంటే పురావస్తుశాఖ వారి ట్రెంచిలో ఒక రోజు పని యెలా సాగుతుందో చూడాలి. యెండ ముదరక ముందే పని మొదలవుతుంది. మేకులు పాతి, దారాలు లాగి, నేలను నలుచదరపు గళ్ళుగా విడదీస్తారు. గడికీ గడికీ మధ్య గట్టు తవ్వకుండా వదులుతారు. యే పొర యెక్కడ మొదలై యెక్కడ ముగిసిందో ఆ గట్టు పక్కగోడలో కనిపిస్తుంది. పలుగు, పార పైమట్టి వరకే. గోడో, పెంకుల కుప్పో బయటపడితే చిన్న తాపీ, చాకు, కుంచె అందుకోవలసిందే. ఒకరు గీకుతుంటే ఒకరు తట్ట కెత్తుతారు, మరొకరు ఒడ్డున జల్లెడ పడతారు. పూసలు, నాణేలు, కాలిన గింజలు ఆ జల్లెడలోనే దొరుకుతాయి. పెంకులను పొరవారీగా సంచులలో వేసి చీటీలు కడతారు, తరువాత కడిగి ఆరబెట్టి అంకెలు వేస్తారు. దొరికిన ప్రతి ముఖ్యమైన వస్తువుకూ లోతు కొలిచి పుస్తకంలో రాస్తారు, పటం గీస్తారు, ఫొటో తీస్తారు. పొద్దు వాలేసరికి ట్రెంచి జానెడు లోతు దిగితే దిగినట్టు, లేకపోతే లేదు.

యీ పనిలో కూలీల పాత్ర తక్కువది కాదు. బావులు, కాలువలు తవ్విన చేతికి మట్టి మెత్తబడినా, గట్టిపడినా వెంటనే తెలుస్తుంది. మట్టిగోడకూ, అది కూలి పడిన మట్టికీ తేడా పట్టగలిగేది అనుభవమున్న కూలీయే.

ఇంత నిదానం యెందుకని అడగవచ్చు. పెంకు యే పొరలో, యే నాణెం పక్కన, యే బూడిద కింద వున్నదో తెలిస్తేనే ఆ ఊరి కాలం, బ్రతుకు తెలుస్తాయి. బొగ్గు ముక్కను పరీక్షించి కూడా కాలం కట్టవచ్చు, అది యే పొరలోదో తెలిసినప్పుడే దానివల్ల ప్రయోజనం. ట్రాక్టరులో కలగాపులగమై చేనికి చేరిన మట్టిలో యీ వరసను యే పండితుడూ తిరిగి పేర్చలేడు.

గతంలో మన ప్రాంతం యీ నష్టాన్ని చవిచూసింది. అమరావతి దిబ్బను 18వ శతాబ్దం చివర కట్టడాల రాయి కోసం తవ్వారు. 1797లో చూసివెళ్ళిన మెకంజీ, 1816లో తిరిగి వచ్చేలోగా యెంతో పోయింది. మిగిలిన శిల్పాలలో చాలా భాగం మద్రాసుకు, లండనుకు తరలిపోయింది. జగ్గయ్యపేట స్తూపం వున్న చోటును జనం ధనబోడు అన్నారు. 1882లో బర్జెస్ తవ్వించాక అక్కడి పలకలు కూడా మద్రాసు మ్యూజియానికి చేరాయి. భట్టిప్రోలు స్తూపాన్ని 1870 ప్రాంతంలో కాలువ పనుల వారే కూల్చి, పాలరాతిని వెల్లటూరు తూముకు వాడారు. అయినా 1892లో అలెగ్జాండర్ రే మిగిలిన భాగం తవ్వగా ధాతుకరండాలు, వాటిపై బ్రాహ్మీ శాసనాలు దొరికాయి. తెలుగు లిపి పుట్టుక గురించి చెప్పేవారు నేటికీ వాటిని తలుచుకుంటారు. సగం పోయిన దిబ్బను కూడా యిక పనికిరాదని వదిలివేయరాదనడానికి యిదే సాక్ష్యం.

మన్ను తోలే రైతును దొంగగా చూడడం న్యాయం కాదు. వస్తువు దొరికిందని చెబితే పొలం పోతుందనీ, పోలీసు స్టేషను చుట్టూ తిరగాలనీ భయం వున్నది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయల విలువకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలి. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే వస్తువులోని సరుకు విలువకు ఐదో వంతు కలిపి హక్కుదారులకు చెల్లించాలని కూడా ఆ చట్టమే చెబుతున్నది. యీ రెండో మాటను గ్రామాలలో చాటింపు వేయించవలసిన బాధ్యత రెవిన్యూ అధికారులదే.

మండలాలవారీగా పాటిదిబ్బల జాబితా తయారు చేసి, సర్వే నంబర్లతో పంచాయతీ కార్యాలయాలలో పెట్టాలి. మట్టి తోలకానికి అనుమతి యిచ్చే ముందు ఆ జాబితా చూడాలి. తవ్వకాలు జరిగిన చోట ఆ ఊరి కూలీలకే ముందు పని యివ్వాలి. దొరికిన వస్తువుల ఫొటోలనైనా ఊరి బడిలో వుంచితే పిల్లలకు తమ నేల విలువ తెలుస్తుంది.

రైతులు చేయవలసింది కొంచెమే. మూరెడు పొడుగు యిటుక, చెక్కిన రాయి, పెంకుల పొర బయటపడితే పని నిలిపి తహశీల్దారుకు కబురు చేయాలి. ఎరువు మరొక చోట దొరుకుతుంది, చెదిరిన దిబ్బను మాత్రం మళ్ళీ పోయలేము.