అంతరాళం వంగుతుందా?

కొడవలి వంగి ఉంటుంది. ఏనుగు దంతం వంగి ఉంటుంది. కాపు ఎక్కువైతే మామిడికొమ్మ వంగుతుంది. వీటన్నిటిలోనూ వంగటానికి ఒక వస్తువు ఉన్నది. మరి వస్తువులన్నిటినీ తీసివేస్తే మిగిలే ఉత్త చోటు, అంటే అంతరాళం, వంగుతుందని శాస్త్రజ్ఞులు అంటారేమిటి? ఏమీ లేనిది ఎలా వంగుతుంది? పిల్లలూ, ఇలా అడగటం తెలివితక్కువ కాదు. మహా పండితులు కూడా దీన్ని గురించి వాదించుకున్నారు.

ముందుగా వంపు అంటే ఏమిటో ఒక చీమను అడుగుదాం.

గుండ్రని పుచ్చకాయ ఒకటి ఉన్నది. చీమ తొడిమ దగ్గర బయలుదేరి, తిన్నగా కాయ నడుము దాకా దిగింది. అక్కడ లంబకోణంలో తిరిగి, నడుము చుట్టూ పావువంతు నడిచింది. మళ్ళీ లంబకోణంలో తిరిగి, తిన్నగా తొడిమ చేరింది. చీమ నడిచిన దారి ఒక త్రిభుజం. అందులో మూడు కోణాలూ లంబకోణాలే! మొత్తం 270 డిగ్రీలు. బడిలో మనకు చెప్పినది 180 డిగ్రీలే గదా! చీమ కాయను దూరాన్నుంచి చూడనక్కరలేదు. కోణాలు కొలుచుకుంటే చాలు, తానున్న చోటు వంగి ఉన్నదని దానికి తెలిసిపోతుంది.

ఇప్పుడు ఒక కాగితం మీద త్రిభుజం గీసి, కాగితాన్ని గొట్టంలాగా చుట్టండి. మన కంటికి కాగితం వంగింది. కాని కోణాలు మారలేదు, మొత్తం 180 డిగ్రీలే. చీమ లెక్కలో ఆ కాగితం వంగనేలేదు! శాస్త్రజ్ఞులు చెప్పే వంపు చీమ కొలిచే వంపు. అది ఏ పక్కకో ఒరిగిపోవటం కాదు. లోపలే ఉండి కొలిచినప్పుడు కొలతలు యూక్లిడ్ చెప్పిన లెక్కకు కుదరకపోవటమే వంపు. దుప్పటి నడుమ ఇనపగుండు వేసి, అంతరాళం ఇలా వంగుతుందని చూపించేవారున్నారు. చూడటానికి బాగానే ఉంటుంది గాని, దుప్పటి కిందికి వంగుతుంది. అంతరాళానికి కిందా లేదు, మీదా లేదు.

1854 జూన్ 10న జర్మనీలోని గోటింగెన్‌లో రీమన్ అనే 27 ఏళ్ళ యువకుడు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అతను మూడు విషయాలు రాసి ఇస్తే, వృద్ధుడైన గౌస్ మూడో దాన్ని ఎంచాడట. మనముండే అంతరాళానికి కూడా ఇటువంటి వంపు ఉండవచ్చుననీ, ఉన్నదీ లేనిదీ కొలిచి తెలుసుకోవలసిందేననీ రీమన్ చెప్పాడు.

కొలవటానికి అవకాశం ఐన్‌స్టైన్ కల్పించాడు. నక్షత్రకాంతి సూర్యుడి పక్కగా వచ్చేటప్పుడు సుమారు 0.83 సెకండ్లు పక్కకు తిరుగుతుందని 1911లో ఆయన లెక్క. (డిగ్రీలో 3,600వ వంతును సెకండు అంటారు.) దీన్ని పరీక్షించటానికి 1914లో జర్మన్ శాస్త్రజ్ఞులు గ్రహణం చూడబోయి రష్యాలోని క్రిమియా చేరారు. ఇంతలో యుద్ధం వచ్చి రష్యా వాళ్ళు వారిని పట్టుకున్నారు. అది ఐన్‌స్టైన్ అదృష్టమనే చెప్పాలి. ఎందుకంటే ఆ లెక్క తప్పు! 1915లో ఆయన సిద్ధాంతం పూర్తి అయినాక అది సుమారు రెట్టింపై, 1.75 సెకండ్లు అయింది. మొదటి సగం కాలంలో వచ్చే మార్పు వల్ల, రెండో సగం అంతరాళపు వంపు వల్ల. అంతరాళం వంగకపోతే ఆ రెండో సగం ఉండదు.

1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపె దీవిలో ఎడింగ్టన్, బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లో మరొక జట్టు ఫోటోలు తీశారు. ప్రిన్సిపెలో 1.61, సొబ్రాల్‌లో 1.98 వచ్చాయి. సొబ్రాల్‌లోనే మరొక దుర్భిణి చెడిపోయి సగానికి దగ్గరగా చూపింది. దాన్ని పక్కన పెట్టటం న్యాయమేనా అని చాలా ఏళ్ళు తగువు నడిచింది. కాని 1922లో ఆస్ట్రేలియాలో గ్రహణం చూసినవారికి కూడా ఐన్‌స్టైన్ చెప్పిన అంకెకు దగ్గరగానే వచ్చింది.

ఇంతటితో వాదం తీరలేదు. ఫ్రెంచి గణితవేత్త పాంకారే 1902లోనే ఒక చిక్కు పెట్టాడు. నడుమ వేడిగా, అంచుకు పోయినకొద్దీ చల్లగా ఉండే ఒక లోకం ఉన్నదనుకోండి. అక్కడి మనుషులూ, కొలబద్దలూ అన్నీ అంచుకు పోయినకొద్దీ కుదించుకుపోతాయి. వాళ్ళ కొలతలు యూక్లిడ్ లెక్కకు కుదరవు. మరి వంగినది చోటా, కుదించుకుపోయినది బద్దా? ఎలా చెప్పినా అంకెలు ఒకటే, సులువైనది ఎంచుకోవటమే అన్నాడు పాంకారే.

దీన్ని కొట్టిపారేయటానికి లేదు. అయితే వేడికి ఇనుము ఒక రకంగా సాగుతుంది, రాగి మరొక రకంగా సాగుతుంది. అందుకే వేడిని పట్టుకోగలం. సూర్యుడి దగ్గర అలా కాదు. వెలుగు, రేడియో తరంగాలు, గ్రహాలు అన్నీ ఒకే లెక్కకు లోబడతాయి. సాక్షులందరూ ఒక్కలాగే అబద్ధం చెబుతున్నారనటం కంటే నిజమే చెబుతున్నారనటం నాకు సబబుగా తోస్తుంది. 2002లో, శనిగ్రహానికి పోతున్న కసీని నౌక సూర్యుడికి అవతల ఉండగా, దానికీ భూమికీ మధ్య రేడియో తరంగాలు నడిపించి చూశారు. ఐన్‌స్టైన్ లెక్కకు లక్షలో రెండు మూడు వంతులైనా తేడా కనబడలేదు.

భూమి చుట్టూ కూడా కొలిచారు. 2004లో అమెరికావారు ఒక ఉపగ్రహంలో బొంగరాల్లా తిరిగే నాలుగు స్ఫటికపు బంతులు పెట్టి పంపారు. భూమి చుట్టూ తిరిగే ఆ బంతుల ఇరుసు ఏడాదికి సుమారు 6.6 సెకండ్లు ఒరిగింది. ఈ ఫలితం 2011లో వెల్లడి చేశారు. అందులో మూడింట రెండు వంతులు అంతరాళపు వంపు వల్ల కలిగినదే. భూమి చుట్టూ వృత్తం గీస్తే దాని చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు ఉండాలి గదా? భూమి బరువు మూలాన అందులో సుమారు 2.8 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆ బంతులు కనిపెట్టినది, మీ బొటనవేలి వెడల్పును కాస్త మించిన ఆ లోటునే.