వరానికి శిక్షణ తోడు కావాలి

అల్లాహ్ ఏ బిడ్డనూ ఖాళీ చేతులతో లోకంలోకి పంపడు. ఒకరికి మంచి గొంతు ఇస్తాడు, ఒకరికి చేతి పనితనం, మరొకరికి లెక్కల్లో చురుకుదనం. అది మనకు అప్పగించిన అమానత్. అయితే విత్తనం ఎంత మంచిదైనా నీరు పెట్టకపోతే పంట చేతికి రాదని మన డెల్టా రైతుకు వేరే చెప్పాలా?

షేక్ నాజర్ జీవితమే చూడండి. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. గొంతు పుట్టుకతో వచ్చింది. సంగీతం మాత్రం గురువుల దగ్గర నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి సాధన చేసి బుర్రకథను ఊరూరా వినిపించారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను శబ్దం విని లోపం చెప్పగల కుర్రవాళ్లున్నారు. "చదువు అబ్బలేదు, షెడ్డులో పెట్టాం" అంటారు పెద్దలు. ఉస్తాద్ దగ్గర చేయి తిరుగుతుంది, నిజమే. కానీ సర్టిఫికెట్ లేకపోతే పెద్ద వర్క్‌షాపుల్లో ఉద్యోగం దొరకడం కష్టం. పదో తరగతి పూర్తి చేయనిస్తే ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు రెండేళ్లే. ఆపైన 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండు తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు.

తల్లిదండ్రులారా! పక్కింటి అబ్బాయి ఇంజనీరింగులో చేరాడని మీ బిడ్డనూ అటే నెట్టకండి. పనిమంతుడని బడి మాన్పించకండి. వాడి మనసు ఎటు మొగ్గుతుందో కనిపెట్టండి. ఉస్తాద్‌నూ, చదువునూ రెండింటినీ సమకూర్చండి. ఈ అమానత్‌కు ముందుగా లెక్క చెప్పుకోవలసింది మనమే.