మా ఇంటిని అడిగేటోళ్లు ముందు మీ బడిని చూపియ్యండి

"మీ పిల్లల్ని మీరే బడికి పంపరు, మల్ల మమ్ముల్ని అడుగుతరా?"

మక్తల్ చుట్టుపక్కల ఏ ఊరి బడికి పోయి పిల్లల చదువు సంగతి అడిగినా మొట్టమొదట దొరికే జవాబు ఇదే. సారు అంటడు, పై అధికారి అంటడు, మీటింగుకొచ్చిన నాయకుడు మైకు పట్టుకొని మరీ అంటడు: తల్లిదండ్రులకు చైతన్యం లేదు, శ్రద్ధ లేదు, పిల్లల చదువు కుటుంబం బాధ్యత అని. సార్లల్ల మనోళ్లు కూడ ఉన్నరు. వాళ్ల నోటెంట ఈ మాట వస్తే ఇంకా ఎక్కువ నొస్తది. వినీ వినీ మన గేరిలో కొందరు తల వంచుకొని "నిజమే సారూ, తప్పు మాదే" అనుడు మొదలుపెట్టిన్రు. ఆ వంచిన తల కోసమే మేము ఈ నాలుగు ముక్కలు రాస్తున్నం.

కుటుంబం బాధ్యత అంటున్నరు సరే, ఎవరి కుటుంబం? ముత్తాత కాలం నుంచి కరణీకం చేసిన ఇంట్ల పిల్లగాడు బడికి పోకముందే అక్షరాలు చూస్తడు. ఇంటికొచ్చినంక రాసుకోను గది ఉంటది, దీపం ఉంటది, చెప్పను తల్లి ఉంటది, తల్లి చెప్పలేకుంటే ట్యూషను ఉంటది. బడి ఆ ఇంటిని చూసి కుట్టిన అంగీ. ఆ అంగీ తెచ్చి మన పిల్లకు తొడిగి, పట్టకపోతే నీ ఒళ్లే బాగలేదంటున్నరు. హోంవర్కు అంటే ఏంది? బడిలో చెయ్యాల్సిన పని సగం మూటగట్టి ఇంటికి పంపుడే కదా. పొద్దంతా కంది చేన్ల వంగి వచ్చిన తల్లి, వేలిముద్ర వేసే తల్లి, ఆ మూట విప్పి ఏం చేస్తది? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో చదువులో అట్టడుగున ఉన్నది మన మహబూబ్‌నగరే. నూటికి 55 మందికే చదువొచ్చు. ఆడోళ్లల్ల 45 మందికి కూడ రాదు. చదువు రానియ్యకుండ తరాల పాటు కాపలా కాసిన ఊరే, నీకు చదువు రాదు కాబట్టి నీ బిడ్డ చదువు పోయిందని మనల్నే తప్పు పడుతున్నది.

మన పెద్దోళ్లు ఈ సంగతిని ఎప్పుడో పట్టుకున్నరు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే చెప్పిందేమిటి? పన్ను కట్టేది రైతూ కూలీ, ఆ పైసలతో చదివేది పై కులాలు. కాబట్టి అందరి పిల్లలకు కనీసం పన్నెండేండ్ల దాకా ప్రాథమిక విద్య తప్పనిసరి చెయ్యమని అడిగిన్రు. 1927లో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఒక లెక్క చూపిన్రు: బడిలో చేరిన నూరు మందిలో నాలుగో తరగతికి చేరుతున్నది 18 మందే. మిగిలినోళ్లు ఎటు పోయిన్రని ఆయన తల్లిదండ్రులను అడగలే. సర్కారును అడిగిన్రు, చదువు మీద పెట్టే ఖర్చును అడిగిన్రు. మన హైదరాబాదు రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి వరుసగా ఇరవైకి పైగా బడులు పెట్టి మాల మాదిగ పిల్లలను కూర్చోబెట్టిన్రు. తర్వాత నిజాం సర్కారు వాటిని తన కిందికి తీసుకున్నది. తల్లిదండ్రులకు చైతన్యం లేకుంటే ఆ బడులల్ల కూర్చున్నదెవరు?

ఇగ చట్టం మాట. రాజ్యాంగం అమలైన పదేండ్లల్ల, అంటే 1960 నాటికి, పద్నాలుగేండ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చెయ్యాలని 45వ అధికరణం చెప్పింది. 1960 పోయింది. 1993లో మన రాష్ట్రం మీద నడిచిన ఉన్నికృష్ణన్ కేసులోనే సుప్రీంకోర్టు పద్నాలుగేండ్ల దాకా చదువు ప్రాథమిక హక్కే అన్నది. 2002లో రాజ్యాంగాన్ని సవరించి 21ఎ చేర్చిన్రు. అదే సవరణలో చల్లగ ఇంకో వాక్యం కూడ పెట్టిన్రు: పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించుడు తల్లిదండ్రుల విధి అని. మనల్ని దబాయించేటోళ్లు ఈ ఒక్క వాక్యాన్నే పట్టుకుంటరు. కానీ 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం చదివి చూడండి. నిర్బంధం అనే మాటకు అందులో అర్థం రాసి ఉన్నది. ఆ నిర్బంధం సర్కారు మీద. పిల్లను చేర్చుకోవాల్సింది, రోజూ వచ్చేటట్టు చూడాల్సింది, ఎనిమిదో తరగతి పూర్తయ్యేటట్టు చూడాల్సింది సర్కారే. తల్లిదండ్రులు చేర్పించాలని కూడ ఉన్నది, కాదనం. చేర్పించకపోతే శిక్ష మాత్రం లేదు. శిక్షించి చదివించలేమని చట్టం రాసినోళ్లకే తెలుసు, మన బడి సార్లకే తెల్వదు.

అదే చట్టం తొమ్మిదో సెక్షన్‌లో ఒక మాట ఉన్నది. మన పాలమూరోళ్లు దాన్ని గోడ మీద రాసి పెట్టుకోవాలె. వలస పోయే కుటుంబాల పిల్లలను చేర్పించే బాధ్యత స్థానిక ప్రభుత్వానిదని. పంట చేతికొచ్చో రాకనో, గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిపోతడు. ఆ అడ్వాన్సు అప్పటికే పాత అప్పుకు పోయి ఉంటది. ముల్లె కట్టుకొని బొంబాయికో పూణెకో పోవాలె. పిల్లను తీసుకపోతే బిల్డింగు కింద ఇసుక కుప్ప మీద ఆడుకుంటది, చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుంటది. అక్కడ బడి ఉన్నా మరాఠీ. ఊర్లె విడిచిపెట్టి పోతే ముసలవ్వ దగ్గర. ముసలవ్వ కండ్లు కనపడనిది. పిల్లనే అవ్వకు వండిపెట్టాలె. ఈ రెండింటిలో ఏది శ్రద్ధ, ఏది అశ్రద్ధ? మాకు చెప్పండి. మూడో దారి ఒకటున్నది. వలస కాలంలో పిల్లలను ఊర్లెనే ఉంచి బువ్వ పెట్టి చదివించే సీజనల్ హాస్టలు. మన జిల్లాలో నడిపిన్రు కూడ. కానీ గుంపు పోయే ముందు తెరిస్తేనే దానికి అర్థం. లారీ వెళ్లిపోయినంక గది తాళం తీసి ఏం లాభం?

గద్వాల దిక్కు సీడు పత్తి సంగతి అందరికీ ఎరుకే. సాయంత్రం మొగ్గ గిల్లాలె, పొద్దున పుప్పొడి అంటించాలె. ఆ పనికి చిన్న వేళ్లు కావాలె, అదీ ఆడపిల్లల వేళ్లు. విత్తనం కంపెనీ లాభం అందులోనే ఉన్నది. అక్కడ పట్టుకోవాల్సింది కంపెనీని, ఆ విత్తనం పండించి అమ్మే ఆసామిని. పట్టుకుంటున్నది మాత్రం ఆ పిల్ల తల్లిని.

పోనీ, పంపినోళ్ల సంగతేంది? 2024 నవంబరులో మన పక్క మాగనూరు ఉన్నత పాఠశాలలో ఏం జరిగింది? మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు పదుల సంఖ్యలో వాంతులతో పడిపోయిన్రు. మక్తల్ ఆస్పత్రిలో మంచాల మీద పడుకోబెట్టిన్రు. వారం తిరగకముందే అదే బడిలో మళ్లా అదే కత. హైకోర్టు సర్కారును గట్టిగా మందలించింది. అప్పుడు అధికారుల వైపు నుంచి ఒక మాట వచ్చింది, పిల్లలు బయట దుకాణంలో చిరుతిండి తిన్నరని. చూసిన్రా? బడికి పంపకపోతే తల్లిదే తప్పు, పంపినా అన్నం విషమైతే పిల్లదే తప్పు. సర్కారు తప్పు అనేది ఎక్కడుంటదో మాకు కనపడ్తలేదు.

ఇంకొక కుటుంబం మాట చెప్పాలె. నారాయణపేట, ఊట్కూరు, మక్తల్ ఊళ్లల్ల మాల మాదిగ ఆడబిడ్డలను జోగినులను చేసి దేవునికి ఇచ్చినమన్నరు, అనుభవించింది ఊరి పెద్దమనుషులు. 1988లో నిషేధ చట్టం వచ్చింది. ఆ తల్లులకు పుట్టిన పిల్లలు బడికి పోతే సారు రిజిస్టరు తెరిచి "తండ్రి పేరు?" అంటడు. ఆ తండ్రి ఎవరో ఊరికంతా తెలుసు. ఆయన ఒక్కోసారి అదే బడి జెండా వందనానికి ముఖ్య అతిథి. ఆ పిల్లకు కుటుంబం బాధ్యత గురించి చెప్తరా? పెండ్లి కాని తల్లి తండ్రి పేరు బయటపెట్టకుండనే బిడ్డకు గార్డియన్ కావచ్చునని 2015లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తల్లి పేరు రాసుకొని నోరు మూసుకొని చేర్చుకొనుడు బడి పని.

బాధ్యత ఎవరిదో తేల్చే పరీక్ష మన కండ్ల ముందే జరిగింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం పెట్టిన్రు. 1980ల్లో ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారుల పట్టుదలతో దళిత పిల్లలకు సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చినయి. 2014 మే 25న ఆ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిన్రు. వాళ్ల ఇండ్లు మారినయా? లేదు. అదే ఇల్లు, అదే కూలి. మారింది బడి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పశువుల కాడి పిల్లలను, జీతమున్న పిల్లలను బడికి మళ్లించి ఇదే చూపింది, బడి తలుపు తీసి పిలిస్తే కూలోళ్లు పిల్లను పంపుతరని. అయితే గురుకులాన్ని చూపి ఊరి బడిని ఎండబెడితే ఊరుకోం. అయిదో తరగతికి ప్రవేశపరీక్ష పెట్టి కొందరిని ఏరుకొని పోతే, మిగిలినోళ్లు ఎవరి పిల్లలు?

మన తప్పులు లేవని మేము అంటలేము. కూలి పైసలు సారా దుకాణంలో పోసే మగోళ్లున్నరు. కొడుకును అప్పు చేసి కాన్వెంటు బస్సు ఎక్కించి, బిడ్డను తొమ్మిదిలో ఆపి పెండ్లి చేసేటోళ్లున్నరు. సంఘం మీటింగుల్ల పెద్ద మాటలు చెప్పి ఇంట్ల ఆడపిల్ల చేతికి చీపురిచ్చేటోళ్లు కూడ ఉన్నరు, మాలో ఉన్నరు. దీని మీద గేరిలో కూర్చొని కొట్లాడుదాం, సిగ్గు తెచ్చుకుందాం. కానీ అధికారి ముందట ఈ తప్పులు ఒప్పుకొని ఆయన తప్పును మాఫీ చెయ్యొద్దు.

దసరాకు ముందే ప్రతి ఊరి సంఘం గుంపులల్ల పోయే ఇండ్లు తిరగాలె. ఎవరి పిల్ల ఏ తరగతి, ఎన్నడు పోతున్నరు, అవ్వ దగ్గర ఉండేదెవరు, తీసుకపోయేదెవరు, అంతా కాగితం మీద రాసి హెడ్మాస్టరుకు ఒకటి, ఎం.ఈ.ఓ.కు ఒకటి ఇయ్యాలె. విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం హాస్టలు తెరవమని అందులో రాయాలె. నకలు మీద సంతకం, తేదీ, ముద్ర తీసుకోవాలె. సంతకం పెట్టనంటే రిజిస్టరు పోస్టులో పంపి ఆ రసీదు దాయాలె. రేపు మళ్లా "మీరే పంపరు" అన్న సారు ముందట ఆ రసీదు పెట్టాలె.