మా సాక్ష్యం మీకెందుకు వినపడదు?

స్త్రీవాద సభల్లో నేను మాదిగ స్త్రీనని చెప్పుకుంటే కుర్చీ వేస్తారు. తర్లుపాడు లాంటి మెట్టప్రాంతం నుంచి వచ్చి తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేశానంటే మెచ్చుకుంటారు. క్రైస్తవ విశ్వాసినని, రోజూ మోకరించి ప్రార్థన చేసుకుంటానని అంటే మాత్రం అందరూ మాట్లాడటం మానేస్తారు. కాసేపటికి ఎవరో ఒకరు ప్రేమగానే అడుగుతారు: "ఇంత చదువుకున్నాక కూడానా?"

సంజాయిషీ ఇవ్వడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ ప్రశ్న వెనకున్న విమర్శ దృష్టితోనే నా పేచీ. మా పల్లె స్త్రీ దుఃఖం మన స్త్రీవాద విమర్శకు కావాలి. ఆమె శ్రమ కావాలి, ఆమె యాస కావాలి, ఆమె మీద జరిగిన హింస కావాలి. ఆమె దేవుడు మాత్రం అక్కర్లేదు. దేవుణ్ణి పక్కకు తీసేసి మిగిలినదానికి 'దళిత స్త్రీ అనుభవం' అని పేరు పెడుతున్నారు. అలా తీసేశాక మిగిలే మనిషిని నేను మా పల్లెలో ఎక్కడా చూడలేదు.

మా విశ్వాసానికి మూడు వివరణలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కరువులో గంజి పోసి మార్చారన్నది మొదటిది. తెల్లదొర మాటలకు పడిపోయారన్నది రెండోది. తల్లిదండ్రుల నుంచి వచ్చిన అలవాటు, వదల్లేకపోతున్నారన్నది మూడోది. ఈ మూడింటికీ ఒక పోలిక ఉంది. మూడింటిలోనూ మావాళ్లకు ఆలోచన లేదు.

చరిత్ర ఏం చెబుతోందో చూద్దాం. తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. మహాకరువు వచ్చింది 1876లో. అంటే గంజికి పదేళ్ల ముందే మావాళ్లలో ఈ కదలిక మొదలైంది. అంతకుముందే పేరయ్య యోగమార్గం పట్టినవాడు, దాన్ని ఆయనకు నేర్పిన గురువు ఒక స్త్రీ. దొర రాకముందే మావాళ్లు దేవుణ్ణి వెతుక్కుంటున్నారన్నమాట. ఇక కరువు సంగతి. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదని మిషను చరిత్రలు చెబుతాయి. కూలి ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి వాళ్లకు బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులే. ఆ గుండ్లకమ్మ మా నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం వైపు నుంచి కిందికి పోయే ఏరు. గంజి కోసమే వచ్చినవాళ్లయితే గంజి అయిపోయాక వెళ్లిపోవాలి కదా? నూట యాభై ఏళ్లు కావస్తున్నా పోలేదెందుకు?

మిషను వాళ్లను నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1898లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన గ్రంథం అచ్చువేసింది. స్త్రీ హక్కుల తొలి సిద్ధాంతకర్త మీద పుస్తకం రాసిన మనిషి ఒంగోలులో మాదిగల కథలు విని రాసుకుంది! మరుసటి ఏడే ఆ కథలను ఇంగ్లిషులో పుస్తకం చేసింది. పేరయ్య గురించీ ఆయన గురువు గురించీ మనకు తెలిసింది అందులోనే. అయితే ఆ పుస్తకం పేరులోనే మమ్మల్ని ఒక తెగ అంది. ఆ చూపును విమర్శించాల్సిందే. కానీ వినడానికి ఆమె కూర్చుంది. వందేళ్లు దాటాక మన విమర్శ ఆపాటి కూడా కూర్చోవడం లేదు.

వినాల్సింది ఏమిటో చెబుతాను. మా పల్లెల్లో స్త్రీల కూడికలుంటాయి, ఉపవాస ప్రార్థనలుంటాయి. అక్కడ 'సాక్ష్యం' అని ఒకటుంది. ఒకామె లేస్తుంది. కందిచేలోంచి వచ్చి ఉంటుంది, లేదా పలకల ఫ్యాక్టరీ నుంచి దుమ్ము దులుపుకుని వచ్చి ఉంటుంది. మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలసపోయి నిన్ననే తిరిగొచ్చి ఉంటుంది. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అని మొదలుపెడుతుంది. తాగొచ్చి కొట్టిన మొగుడి సంగతి, పోయిన బిడ్డ సంగతి, అప్పు సంగతి, నీళ్ల ట్యాంకరు దగ్గర కులం పేరుతో తిట్టినవాడి సంగతి చెబుతుంది. ఆ రోజు తాను ఎందుకు చావలేదో చెబుతుంది. చదువు రాని స్త్రీ పదిమంది ఎదుట లేచి 'నేను' అని మొదలుపెట్టి తన బతుకును ఆద్యంతాలతో చెప్పడం మా ఊళ్లో మరెక్కడ జరుగుతుంది? పంచాయతీలో జరగదు. డ్వాక్రా మీటింగులో అప్పు లెక్క చెబుతుంది గానీ బతుకు లెక్క చెప్పదు. తెలుగులో స్త్రీల ఆత్మకథలు తక్కువని మనం సెమినార్లలో వాపోతుంటాం. మా పల్లెల్లో అవి వారం వారం నడుస్తున్నాయి. మనం వెళ్లి వినడం లేదు.

ఇదే లాటిన్ అమెరికా నుంచి వస్తే దానికి 'టెస్టిమోనియో' అని పేరు పెట్టి పాఠంగా చెబుతాం. గ్వాటెమాలా ఆదివాసీ స్త్రీ రిగోబెర్తా మెంచూ చెప్పిన జీవితకథ 1983లో పుస్తకంగా వచ్చింది. ఆమె తన ఊళ్లో కాథలిక్ మతబోధ చేసిన మనిషి. బైబిలు చదువుకుంటూనే ఆమె ఊరు తిరగబడటం నేర్చుకుంది. తరగతి గదిలో ఆ భాగం గబగబా దాటేసేవాళ్లను చూశాను.

ఇంకో రెండు తూకాల సంగతి కూడా అడగాలి. సూసీ తారు, కె. లలిత 1991లో తెచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనంలో మొల్ల ఉంది, తరిగొండ వెంగమాంబ ఉంది. సరైన పనే. వాళ్ల భక్తిలో ధిక్కారం ఉందని మనం గుర్తించాం. అక్కమహాదేవి దేవుణ్ణే మొగుడన్నదని, మీరా రాచరికాన్ని కాదందని పొగుడుతాం. మరి మా నాయనమ్మ 'నాకు యేసుప్రభువు తప్ప యజమాని లేడు' అంటే అది బానిస మనస్తత్వం ఎలా అయింది? భక్తి కావ్యమైతే ధిక్కారం, కూడికలో మాటైతే మూఢత్వమా? ఈ తేడాలో దేవుడి సంగతి కంటే కులం సంగతే ఎక్కువ ఉందని నా అనుమానం.

విశ్వాసినిగా ఉండటమంటే నాకు ఏమిటో ఇప్పుడు చెప్పాలి. నా విలువను కులం నిర్ణయించలేదు, విశ్వవిద్యాలయమూ నిర్ణయించలేదు, ఎవరూ దాన్ని వెనక్కి తీసుకోలేరు అని నమ్మి ఆ నమ్మకం మీద నిలబడటం. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మనిషిని నేను. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో భాగం తీసుకోవడం నాకు ఉపమానంగా కనిపించదు. అందుకే ఒకే ఊళ్లో మాల చర్చి, మాదిగ చర్చి అని వేరుపడి ఉండటం నాకు పాపంలా కనిపిస్తుంది. 'సామాజిక వాస్తవం' అని తేల్చేయడం నా వల్ల కాదు. విశ్వాసం నన్ను సర్దుకుపొమ్మనలేదు. సర్దుకుపోకుండా ఉండాల్సిన బాధ్యత నెత్తిన పెట్టింది.

ఈ నిలబడటానికి వెల ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివారు ఎస్సీ కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఆ షరతు తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో చెప్పింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్‌తో మరో కమిషన్ వేశారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. మా రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను బి.సి.-సి గుంపులో పెట్టి ఒక శాతం ఇచ్చారు. నా సర్టిఫికెట్టు మీద ఉన్నది అదే. మా వీధిలో ఒకే గోడకు అటు ఇటు ఉన్న ఇళ్లలో ఒకరు ఎస్సీ, ఒకరు బి.సి.-సి. ఊరు ఇద్దరినీ పిలిచే కులం పేరు ఒకటే. తిట్టూ ఒకటే.

చాలామంది స్త్రీలకు రెండు పేర్లుంటాయి. బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి, బడి రికార్డులో పేరు ఒకటి. నేను వాళ్లను తప్పుపట్టను. పిల్లల చదువును ఒక పారంలోని గడి మీద వేలాడదీసి, ఆ తర్వాత నిజాయితీ గురించి మాట్లాడే రాజ్యాన్ని తప్పుపడతాను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్టు అడిగిన పుదుచ్చేరి స్త్రీ ఒకామె అప్పీలును కొట్టేసింది. పసితనంలో బాప్తిస్మం జరిగిందని, క్రమం తప్పకుండా చర్చికి వెళ్తుందని చూపించింది. మా సాక్ష్యాన్ని మా మీదే సాక్ష్యంగా నిలబెట్టారు! 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పింది. కొట్టేవాడు మతం అడిగి కొట్టడు. న్యాయం కోసం వెళ్తే మాత్రం మతం అడుగుతారు. ఈ తీర్పుల మీద స్త్రీవాద పత్రికల్లో ఎన్ని వ్యాసాలొచ్చాయో పాఠకులే లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు చర్చి సంగతి. అక్కడ పితృస్వామ్యం లేదని నేను అంటాననుకుంటే పొరపాటు. సాక్ష్యం చెప్పమనే సంఘమే ఆమెను ప్రసంగవేదిక ఎక్కనివ్వదు. కానుకలు పోగుచేసేది స్త్రీలు, లెక్క చూసేది మగవాళ్లు. పౌలు కొరింథీయులకు రాసిన పత్రికలోంచి స్త్రీల మౌనం గురించిన మాట తీసి మా నోటికి తాళం వేస్తారు. కొట్టిన మొగుణ్ణి క్షమించమని పాస్టర్లు బోధిస్తారు. క్షమించడం వేరు, కేసు వాపసు తీసుకోవడం వేరు. మొదటిది ఆమెకూ దేవునికీ మధ్య సంగతి, రెండోది నేరస్థుడికి దారి ఇవ్వడం. ఈ తేడా మా కూడికల్లో నేను చెబుతూనే ఉంటాను, మాటలు పడుతూనే ఉంటాను. చట్టమూ తక్కువ తినలేదు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. భార్యయితే భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాలి. అది 2001 దాకా మారలేదు.

అయినా నేను ఆ గుడి వదిలి రాను. నాకు అక్కడ ఆయుధాలున్నాయి. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయకూడదన్న యేసుతో వాదించి గెలిచిన అన్యస్త్రీ కథ మా పుస్తకంలోనే ఉంది. పన్నెండేళ్లు రక్తస్రావంతో అంటరానిదైన స్త్రీ గుంపులోకి చొచ్చుకొచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంది, ఆయన ఆమెను కుమారీ అని పిలిచాడు. ఖాళీ సమాధి సంగతి మొదట చెప్పింది మగ్దలేనే మరియా, ఆమెతో ఉన్న స్త్రీలు. అపొస్తలులు వాళ్ల మాట నమ్మలేదని లూకా దాచకుండా రాశాడు. స్త్రీల సాక్ష్యాన్ని కొట్టిపారేసిన మగవాళ్ల కథ మీదే మా విశ్వాసం నిలబడి ఉంది. గిద్దలూరు దాటి నల్లమల ఎక్కి దిగితే వచ్చే నంద్యాలలో 2013లో ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయింది. దక్షిణ ఇండియా సంఘంలో ఆమె మొదటి స్త్రీ బిషప్. ఆ దారి లోపలే ఉండి పోట్లాడిన స్త్రీలు వేసింది. బయట నుంచి జాలిపడిన వాళ్లు వేయలేదు.

సాహిత్య విమర్శకు నా కోరిక చిన్నది. జాషువాకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది 'క్రీస్తు చరిత్ర'. మనం 'గబ్బిలం' దగ్గరే ఆగిపోతున్నాం. కల్యాణరావు 'అంటరాని వసంతం'లో మాలమాదిగలు క్రైస్తవంలోకి వెళ్లిన ఘట్టాలను కులచరిత్రగా చదువుతాం, వాళ్లు ఏం నమ్మారో అడగం. ఎం.ఎం. వినోదిని 'తప్పిపోయిన కుమార్తె ఉపమానం' అని కథకు పేరు పెడితే ఆ ఉపమానం తెలియకుండానే సమీక్షలు రాస్తాం. గోగు శ్యామల 2003లో తెచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల గొంతు మనకు వినిపించింది. ఆ గొంతులోని ప్రార్థన వినడానికి ఇంకెన్నాళ్లు?

నమ్మమని నేను ఎవరినీ అడగడం లేదు. సుజాత గిడ్ల నమ్మని మనిషి. అయినా 2017లో రాసిన కుటుంబచరిత్రలో తనవాళ్ల క్రైస్తవాన్ని దాచలేదు. చదవడానికి నమ్మకం అక్కర్లేదు, గౌరవం ఉంటే చాలు. దేవుణ్ణి దాచుకోమని రాజ్యం అంటోంది. నోరు దాచుకోమని సంఘం అంటోంది. ఈ రెండింటితో పోట్లాడటానికి స్త్రీవాదం నాకు తోడవుతుందనుకుంటే, అది కూడా విశ్వాసం ఇంటి దగ్గర పెట్టి రమ్మంటోంది. నేను పెట్టి రాను. మాదిగ స్త్రీగా, పరిశోధకురాలిగా, విశ్వాసిగా ఒక్క మనిషినే వస్తాను. వినడం చేతకాకపోతే ఆ లోటు నా విశ్వాసానిది కాదు, మీ విమర్శది.