వాసనొస్తోందని చెప్పినావిడ

'కలుషిత ఆహారం తిని విద్యార్థులకు అస్వస్థత.' ఈ హెడ్డింగ్ కింద వార్త ఎలా ముగుస్తుందో చదవకుండానే చెప్పగలను. పిల్లలు కోలుకుంటున్నారు. అధికారులు విచారణకు ఆదేశించారు. వంట ఏజెన్సీని తొలగించారు. అక్కడితో మన కోపం చల్లారిపోతుంది.

నాకు చల్లారదు. మా పెద్దమ్మ పదకొండేళ్లు మా ఊరి బడిలో వండింది.

బియ్యం సర్కారే ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పూకారం మాత్రం వండేవాళ్లే కొని, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. ప్రైమరీ పిల్లలకి రోజుకి తలా 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వెయ్యాలని రూలు. వంటచెరకుతో సహా వీటన్నిటికీ కేంద్రం 2025 మే నుంచి ఖరారు చేసిన రేటు 6 రూపాయల 78 పైసలు. మనం తాగే ఇరానీ చాయ్ ధరలో సగం కూడా కాదు.

ఆ బిల్లు కూడా నెలనెలా వచ్చేది కాదు. మూడేసి నెలలు ఆగిపోతే పెద్దమ్మ కిరాణా కొట్లో అరువు పెట్టేది. కొట్టతను పుచ్చిన పప్పు తూచినా 'ఇదేంటి తమ్ముడూ' అనలేకపోయేది. అంటే పాత బాకీ అడుగుతాడు. ఇంటికి తెచ్చి, రాత్రి చేటలో పోసుకుని, లైటు కింద ఏరుతూ కూర్చునేది.

2013 జూలై 16న బీహార్‌లోని గండామన్ అనే ఊళ్లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. నూనె వాసన తేడాగా ఉందని వంటావిడ ముందే చెప్పిందని అప్పటి వార్తలు రాశాయి. ఆమె మాట చెల్లలేదు. ఆ వంట తిని ఆమె కూడా ఆస్పత్రి పాలైంది.

'వీళ్లకి కొంచెం హైజీన్ నేర్పించాలి' అంటారు నా సిటీ ఫ్రెండ్స్. నేర్పించండి, మంచిదే. కానీ పాడైన నూనెని గుర్తుపట్టడం ట్రైనింగ్‌లో వస్తుంది. దాన్ని పారబోసి కొత్త డబ్బా కొనే డబ్బులు ట్రైనింగ్‌లో రావు. వంటవాళ్లకి కేంద్రం 2009లో నెలకి 1000 రూపాయల 'గౌరవ వేతనం' నిర్ణయించింది, అదీ ఏడాదికి పది నెలలే. మన రెండు రాష్ట్రాలూ పైన కొంత వేసి 3000 చేశాయి. ఆ గౌరవంతో ఇల్లు గడవదు, ఎవరినీ ఎదిరించనూ లేరు.

నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. సరుకుల డబ్బు నెల మొదట్లోనే అడ్వాన్సుగా ఇవ్వండి. బతకడానికి సరిపడా జీతం ఇవ్వండి. 'ఇది వండను' అని చెప్పే హక్కు ఆమెకి కాగితం మీద రాసివ్వండి. ఆ మాట అన్నందుకు పని పోకూడదు.

ఈసారి అలాంటి వార్త వస్తే ఎవర్ని తొలగించారని కాదు, ఆ బడికి చివరి బిల్లు ఎప్పుడొచ్చిందని అడుగుదాం.