ముందు చెయ్యి, తర్వాత పిడి, ఆ తర్వాతే లోడర్



ఇది కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మన సంఘంలో తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. నగల వ్యాపారంలో ఉన్నవాళ్లు కొందరు, నెల్లూరు వైపు పొలాలున్నవాళ్లు కొందరు, తండ్రిగారి తర్వాత ఆయన రివాల్వర్‌కు తమ పేరున లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు కొందరు. "మిగతావాళ్లకు ఈ గొడవ ఎందుకు?" అనకండి. ఆ ఇళ్లలోనూ పిల్లలున్నారు. పేరంటానికో పండక్కో మనందరం ఆ ఇళ్లకు వెళ్తూనే ఉంటాం.

మొన్నటి ఎన్నికలప్పుడు స్టేషన్లో జమ చేసిన రివాల్వర్ తిరిగొచ్చాక, మన బాబాయిగారు ఒకాయన మమ్మల్ని ఇంటికి పిలిచారు. టేబుల్ మీద తూటాలు తీసేసిన పాత .32 రివాల్వర్, పక్కన రెండు స్పీడ్‌లోడర్లు. "రెండూ ఎక్కట్లేదు, ఏంటో చూడండిరా" అన్నారు. మొదటిది చూడగానే నవ్వొచ్చింది. అది ఐదు తూటాల .38 లోడరు. ఈయన రివాల్వర్‌కు ఉన్నవి ఆరు గదులు. రెండోది ఆరు తూటాలదే, సిలిండర్‌కు సరిపోయింది కూడా. కానీ లోపలికి దిగేలోపే ఎడమవైపు పిడికి తగిలి పక్కకు ఒరిగిపోతోంది. చెయ్యి వణుకుతోందని ఆయన ఈమధ్య లావుపాటి చెక్క పిడి వేయించుకున్నారు. అదే అడ్డు.

"వీధి చివర వడ్రంగి ఉన్నాడు, రేపే చెక్కించేస్తా" అన్నారు. మేం వద్దన్నాం. ఎందుకన్నామో చెప్పడానికే ఈ రాత.

చిన్న రివాల్వర్లలో మన చేతికొచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు. సిలిండర్ ఎడమవైపు పక్కకు తెరుచుకునేది ఒకటి. స్మిత్ అండ్ వెస్సన్, కోల్ట్ లాంటి పాతవి ఇవే. 1980ల నడిమి నుంచి సొంతానికి తుపాకులు దిగుమతి చేసుకోవడం దాదాపు ఆగిపోయింది కాబట్టి, మనవాళ్ల దగ్గరున్న ఇలాంటివి చాలామటుకు నాన్నల కాలం, తాతల కాలం నాటివి. రెండోది నడుం దగ్గర విరిగినట్టు ముందుకు వంగి తెరుచుకునేది. వెబ్లీ పద్ధతి ఇది. మన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఆ వెబ్లీ నమూనాలోనే తయారైంది. 2014లో కాన్పూర్ నుంచి ఆడవాళ్ల కోసమంటూ వచ్చిన నిర్భీక్ కూడా ఆ కుటుంబంలోదే. టైటానియం మిశ్రమంతో చేశారు. బరువు అర కిలో చిల్లర, ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటింది.

ఈ తేడా ఎందుకు చెప్తున్నామంటే, పిడి సమస్య మొదటి రకానికే. సిలిండర్ ఎడమవైపు తెరుచుకున్నప్పుడు దాని వెనక ముఖం పిడి పైభాగానికి ఆనుకున్నట్టే ఉంటుంది. లోడరేమో గుండ్రంగా, లావుగా ఉంటుంది. పిడికి దగ్గరగా ఉన్న ఒకటి రెండు తూటాలు గదుల్లోకి నేరుగా దిగవు. బలవంతంగా తోస్తే లోడర్ ఒరిగి ఇరుక్కుంటుంది. వంగి తెరుచుకునే దానిలో సిలిండర్ వెనక ముఖం పిడికి దూరంగా పైకి తిరుగుతుంది. అక్కడ పిడి అంతగా అడ్డురాదు, ప్రధానంగా గదుల వరుసకు లోడర్ సరిపోవాలి. ఈ లోడర్లు కూడా కొత్తవేం కాదు. ప్రిడో అనే ఇంగ్లీషు దంతవైద్యుడు వెబ్లీ రివాల్వర్ల కోసం ఇలాంటి దానికి 1893లోనే పేటెంటు తీసుకున్నాడు.

కాబట్టి లోడర్ కొనేముందు చూసుకోవాల్సిన వరుస ఇది.

మొదట, తూటా సైజూ గదుల లెక్కా. "చిన్న రివాల్వర్‌కు" అని రాసి ఉందని కొనేయకండి. అమెరికాలో చిన్న రివాల్వర్ అంటే చాలాసార్లు ఐదు తూటాల .38. మన దగ్గర ఎక్కువగా ఉన్నది ఆరు తూటాల .32. బాబాయిగారి మొదటి పొరపాటు ఇదే.

రెండోది, విడిచే పద్ధతి. హెచ్‌కేఎస్ లాంటి వాటిలో మధ్యలో ఉన్న గుబ్బ తిప్పితే తూటాలు వదులుతుంది. సఫారీల్యాండ్ లాంటి వాటిలో లోపలికి నొక్కితే వదులుతుంది. వేళ్లు బిగుసుకుపోయే పెద్దవాళ్లకు చిన్న గుబ్బ తిప్పడం కష్టం. ఇది డబ్బా మీద రాసి ఉండదు, సొంత వేళ్లతో చూసుకుంటేనే తెలుస్తుంది.

మూడోది, పిడి. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, డమ్మీ తూటాలతో, మీకు అలవాటైన పిడి బిగించే పరీక్షించండి. ఆరూ ఒకేసారి దిగుతున్నాయా? విడిచాక లోడర్ తనంతట తాను పక్కకు పడిపోతోందా? తర్వాత ఖాళీ గుళ్లు బయటికి నెట్టేటప్పుడు ఎడమవైపువి పిడికి తగులుతున్నాయా? ఈ మూడోది చాలామంది చూడరు. లోడర్‌కు అడ్డొచ్చే పిడి ఖాళీ గుళ్లకూ అడ్డొస్తుంది.

ఇక చెక్కించడం. పిడి ఎడమ పైమూల కొంచెం తీయించడం తప్పని మేం అనం. చాలా పిడులు తయారీలోనే అక్కడ పల్లంగా వస్తాయి. అలాంటిది దొరికితే అదే మేలు. కానీ వణికే చేతికి ఆసరాగా వేయించుకున్న పిడిని, ఎప్పుడు వాడతామో తెలియని లోడర్ కోసం చేతికే చేటు చేసేంత చెక్కించేస్తే ఎలా? పైగా రివాల్వర్ వడ్రంగి చేతిలో పెట్టకూడదు, లైసెన్సు ఉన్నది మీ పేరున. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లండి.

మా మాట అడిగితే, లావు పిడి ఉన్నవాళ్లకు గుండ్రటి లోడర్ కన్నా రబ్బరు పట్టీ మేలు. తూటాలు వరుసగా గుచ్చి ఉంటాయి, రెండేసి చొప్పున గదుల్లో పెట్టి లాగేయొచ్చు. పిడి అంతగా అడ్డురాదు. కొంచెం నిదానం, అంతే. అదీ .32 తూటా అంచుకు సరిపడేదే చూసుకోవాలి.

"నిదానమైతే ఇంకెందుకు?" అని బాబాయిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన రాత్రిపూట కొట్టు మూసి, రోజు వసూళ్లతో ఇంటికి వెళ్తారు. భయం నిజమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయం. కానీ మేం తిరిగి ఒకటే అడిగాం: "బాబాయ్, ఆఖరిసారి రేంజికి ఎప్పుడెళ్లారు?" ఆయన మాట్లాడలేదు. మొదటి ఆరు తూటాల మీద పట్టు లేనివాడికి రెండో ఆరు ఎంత వేగంగా ఎక్కినా ఒరిగేది లేదు. 2016 ఆయుధ నియమాలు లైసెన్సుకు భద్రతా శిక్షణ ఉండాలన్నది ఊరికే కాదు. లోడర్‌కు పెట్టే డబ్బుతో ముందు రేంజిలో అభ్యాసం చేయండి.

ఇంకోటి చెప్పకపోతే మా మనసు ఒప్పదు. నింపిన లోడర్ అంటే చేతి గుప్పిట్లో ఆరు తూటాలు. రివాల్వర్ బీరువాలో పెట్టి తాళం వేస్తాం, లోడర్‌ను మాత్రం కోటు జేబులోనో, ప్రయాణాల సంచిలోనో మరిచిపోతాం. అదే సంచితో మీనంబాక్కం విమానాశ్రయానికి వెళ్తే స్కానింగులో పడుతుంది. లైసెన్సు ఉంది, మరిచిపోయాను అంటే అక్కడికక్కడ వదలరు. ప్రయాణం ఆగుతుంది, కేసూ కావచ్చు. ఇంట్లో మనవలకు దొరికితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఇంట్లో లోడర్ ఖాళీగానే ఉండాలి. తూటాలు వేరేచోట, తాళంలో ఉండాలి. విదేశాల్లోని పిల్లలతో పెట్టెలో తెప్పించుకోవడం కూడా వద్దు. ముందు ఇక్కడి డీలర్‌ను, లైసెన్సు ఇచ్చిన ఆఫీసును అడగండి.

చివరికి బాబాయిగారు పిడి చెక్కించలేదు. లోడర్లు రెండూ పక్కన పెట్టేశారు. వచ్చే నెల రేంజికి వస్తానన్నారు, మేమూ తోడు వెళ్తున్నాం. మీలో ఎవరికైనా ఇలాంటి సందేహం ఉంటే సంకోచించకండి, మాతో రండి. కొనేముందు అడగడం చిన్నతనం కాదు.