180 గంటల జిరాక్సు సేవ

ఈమధ్య ఒక డిగ్రీ కుర్రాడి ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్ నా చేతికొచ్చింది. తేదీ, చేసిన పని, నేర్చుకున్నది, సంతకం. అన్ని పేజీల్లోనూ ఒకే ఇంకు, ఒకే దస్తూరి. ఒక్క రాత్రిలో లాగించేశాడు. నేర్చుకున్నదేమిటయ్యా అంటే, పేజీ పేజీకీ 'ప్రజలతో మాట్లాడే నైపుణ్యం'. ఎవరితో మాట్లాడావు నాయనా, జిరాక్సు షాపువాడితోనా?

కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అవగానే రెండు నెలల్లో 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు. పిల్లల నోట సీఎస్‌పీ. ఊళ్లోకి వెళ్లు, ఇల్లిల్లూ సర్వే చెయ్యి, సమస్య పట్టుకో, రిపోర్టు రాయి. బాగుంది. ఆ రిపోర్టు ఎవరు చదవాలి? గైడు సంతకం, వైవా, మార్కులు, ఆపైన బీరువా. ఏ ఊరి గురించి రాశారో ఆ ఊరికి మాత్రం చేరదు. ఎవడూ చదవని రిపోర్టును ఒళ్లు దాచుకోకుండా రాయమనడం ఏం న్యాయం?

నర్సరీలకు పేరున్న కడియంలో సమస్యలకు కరువా? కడియపులంక, బుర్రిలంక నర్సరీల్లో పొద్దుటి నుంచీ గొంతుక్కూర్చుని కవర్లలో మట్టి నింపే ఆడవాళ్లను అడగమనండి. కూలి ఎంత? పక్కనున్న మగవాడికి ఎంత? మరుగుదొడ్డికి ఎక్కడికి పోతున్నారు? మందు కొట్టేవాడి మూతికి గుడ్డయినా ఉందా? ఇవన్నీ వదిలేసి మనవాళ్లు ఎంచుకునే టాపిక్ 'పరిశుభ్రతపై అవగాహన'. బ్యానరు, ఫోటో. (బ్యానరు మాత్రం ఏటా బాగుంటుంది.)

ఇదే రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఎలా జరిగిందో మరిచిపోయారా? కూలీల ఇళ్లలో చదువుకున్న కుర్రాళ్లు మస్టర్లు పట్టుకుని గడప గడపా తిరిగారు. పనికి రానివాడి పేరున పడిన కూలిని పట్టుకుని, బహిరంగ సభలో మైకులో చదివారు. అధికారులు ఊరందరి ముందూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రజాసేవలో శిక్షణంటే అదండీ! మన పిల్లలేమో సచివాలయం ఉద్యోగానికీ గ్రూప్స్‌కీ కోచింగ్ ఫీజులు వేలకు వేలు పోస్తారు, ఇచ్చిన అర్జీ ఏ బల్ల మీద ఆగిపోతుందో మాత్రం ఎరగరు.

సీఎస్‌పీ మార్కులు గ్రామసభలో రిపోర్టు చదివాకే వెయ్యండి. పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన జవాబు మినిట్స్ బుక్కులో ఎక్కాలి. ఉన్నత విద్యామండలి, పంచాయతీరాజ్ శాఖ కూర్చుని ఒక్క ఉత్తర్వు ఇస్తే అయ్యే పని. సర్పంచికి కోపం వస్తుందా? రానివ్వండి. పిల్లలకు బస్సు ఛార్జీలివ్వండి, వెంట తిరిగే లెక్చరరుకు క్లాసులు తగ్గించండి. ఇదీ చేతకాదంటే ఆ లాగ్‌బుక్కులు అమ్మించడం మానేసి, ఆ రెండు నెలలూ పిల్లల్ని వదిలెయ్యండి. కూలికి పోయి ఫీజు కట్టుకునేవాళ్లు వాళ్లలో ఉన్నారు.